అప్పలనర్సమ్మ నాలుగడుగులు

మూడేళ్లపాటు ఒక మనిషి కంటికి రెప్పలా కాపాడుకొచ్చిన ప్రాణాన్ని మూడు నిమిషాల్లో నది ఒడ్డున పడుకోబెట్టిన ఘనత మా ఆఫీసులో నాకొక్కదానికే దక్కింది. ఎవరి సలహా తీసుకోలేదు, ఎవరూ తొందరపెట్టలేదు, ఎదుటివాడు దారి ఇస్తానంటున్నా వినలేదు. పూర్తిగా నా తెలివితోనే సాధించాను. (ప్రాణం అన్నాను గానీ కంగారు పడకండి, అది కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్న ప్రాణం. అయినా సంగతంతా విన్నాక మీరూ కాస్త కంగారు పడతారనే నా నమ్మకం.) ఇప్పటికి పదేళ్లయి ఉంటుంది. నాకు ఇరవై మూడు, ఉద్యోగం కొత్త, జీతం కొత్త, మెళ్లో వేసుకున్న ఆఫీసు కార్డు అన్నిటికంటే కొత్త. ఎదుటి మనిషిని ఒక్క చూపు చూస్తే బలమెంతో, బలహీనత ఎక్కడో చెప్పేస్తానని నాకు గట్టి నమ్మకం. పాతదేమైనా ఉందంటే నా దగ్గర ఆ నమ్మకమొక్కటే.

నమ్మకం ఊరికే రాలేదు. మాది రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. నేను అక్షరాలు నేర్చుకున్నది బడిలోనే అయినా, మనుషుల్ని చదవడం మాత్రం గల్లా పక్కన బోర్లించిన గంగాళం మీద కూర్చుని నేర్చుకున్నాను. "సూడు బిడ్డా, గిరాకి నోరు జూడకు, కాళ్లు జూడు. కాళ్లు బయటికి తిరిగినా మనిషి ఇంక లోపటికే సూస్తుండంటే, కొనేటోడే" అనేవాడు నాన్న. ధర చెప్పంగానే నవ్వినవాడు కొంటాడనీ, మూతి తిప్పినవాడు రేపొస్తాడనీ, గిన్నెను వేలితో కొట్టి చప్పుడు వినేవాడికి ఏమీ తెలియదనీ పదేళ్లకే నాకు తెలుసు. ఇక బేరంలో బ్రహ్మాస్త్రం మీకందరికీ తెలిసిందే. చివరి ధర చెప్పి, వెనక్కి తిరిగి, నాలుగడుగులు వెయ్యాలి. మూడో అడుగుకు దుకాణంవాడు గొంతు సవరించుకుంటాడు, నాలుగో అడుగుకు "అమ్మా, ఇటు రా, ఆఖరి మాట చెప్పు" అంటాడు. ఆ "ఆఖరి మాట" వినబడిందంటే ఎదుటివాడు కరిగిపోయాడన్నమాటే. నేను చెప్పులు కొన్నా, పూలు కొన్నా, ఆటో మాట్లాడినా నాలుగడుగులు వేయకుండా కొన్నది లేదు.

ఆఫీసులో నా పక్క సీటు అక్కది. సొంత అక్క కాదు, నాకంటే ఆరేళ్లు పెద్దది. వాళ్లది ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడిన కుటుంబం. మాది స్టీలు దుకాణమని తెలిసిన రోజు నుంచి నన్ను "స్టీలూ" అనే పిలిచేది. ఆమె ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట ఆడడానికి వెళ్లేది. ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకాయన కథ నడిపిస్తాడు. అడవి, కోట, రాక్షసులు, అంతా ఆయన నోటి మాటే. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర. ఆ పాత్ర ఏం చేస్తుందో చెప్పాలి, ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి, పడిన అంకెను బట్టి జరిగేది జరుగుతుంది. ఎదురుపడిన శత్రువు బలమెంతో ఆ కథ చెప్పే ఆయనకొక్కడికే తెలుసు. కొట్టాలో, పారిపోవాలో, మాట్లాడాలో మనమే అంచనా వేసుకోవాలి. అంచనా తప్పితే పాత్ర పోతుంది, మళ్లీ రాదు. మా అమ్మ దీన్ని రాక్షసులాట అనేది. పెద్ద పెద్ద చదువులు చదివి ఇదేం పోయేకాలమని కూడా అనేది.

అక్క పాత్ర పేరు అప్పలనర్సమ్మ. విల్లు పట్టిన అడవి మనిషి, పొడవాటి చెవులు, చీకట్లో చూడగల కళ్లు. అలాంటి మనిషికి ఆ పేరేమిటని నేను నవ్వితే, అది వాళ్ల మామ్మ పేరని చెప్పింది. ఆ మామ్మ ఒకసారి జీడితోటలోకి వచ్చిన ఎలుగుబంటిని చీపురుకట్టతో తరిమిందట. (చీపురో గునపమో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు, ఎలుగుబంటి మాత్రం ఖాయం.) ఆ మామ్మ పోయిన నెలలోనే అక్క ఈ పాత్రను మొదలుపెట్టి, మూడేళ్లుగా ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ వచ్చింది. పాత్ర వివరాలన్నీ ఒకే కాగితం మీద ఉండేవి. ప్రాణం ఎంతుందో రాసే గడి దగ్గర చెరిపి రాసి, చెరిపి రాసి కాగితం చిరిగిపోతే వెనక టేపు అంటించింది. ఆ ఏడాది అక్కకు ప్రమోషన్ పరీక్ష పడింది. కోచింగ్ క్లాసులు ఆదివారాలే. మూడు ఆదివారాలు పాత్ర రాకపోతే కథ ఆగిపోతుంది. అందుకని ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేతికిచ్చి ఒక్కటే మాట చెప్పింది.

"నువ్వేటీ గెలవక్కర్లేదే. మా మామ్మని ప్రాణాలతో తెచ్చి ఇచ్చీ, అంతే చాలు."

బజారులో పెరిగిన మనిషికి ఒకరు నమ్మి అప్పగించిన సరుకంటే మించిన బాధ్యత ఉండదు. ఆ కవరు అందుకున్నప్పుడే నిశ్చయించుకున్నాను. గీత పడకుండా అప్పగించాలి, వీలైతే నాలుగు బంగారు నాణేలు ఎక్కువ చేసి మరీ అప్పగించాలి. (ఆ 'వీలైతే' దగ్గరే మొదలైంది అంతా.)

ఆట జరిగేది కథ నడిపించే సార్ ఇంట్లో. ఆయన ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. పొద్దున చర్చికి వెళ్లొచ్చి, భోజనం చేసి, సరిగ్గా రెండున్నరకు డైనింగ్ టేబుల్ మీద పరీక్ష అట్టలు రెండు క్లిప్పులతో కలిపి గోడలా నిలబెట్టేవాడు. శత్రువుల బలాబలాలన్నీ ఆ అట్టల వెనకే ఉండేవి. మూడో మనిషి మౌలాలి నుంచి వచ్చే బాబాయ్. వయసు నాకంటే రెండేళ్లే ఎక్కువ, ఇరవైకే తల నెరిసింది కాబట్టి లోకానికంతా బాబాయే. బ్యాంకు ఉద్యోగం. ఆటలో అతని పాత్ర కత్తి పట్టిన వంటవాడు. బాబాయ్ జీవితంలో బేరం ఆడని మనిషి. ధర రాసి ఉన్న దుకాణాల్లోనే కొనేవాడు, రాసి లేకపోతే చెప్పినంత ఇచ్చేవాడు. అలాంటి మనిషిని చూస్తే మా బజారులో పండగ.

మొదటి ఆదివారం సార్ నియమాలన్నీ ఓపికగా చెప్పాడు. వాళ్లమ్మగారు తెచ్చిన కేకు మీద ధ్యాసలో సగం నాకు వినబడలేదు. కథ మొదలయ్యాక ముగ్గురు అస్థిపంజరాల సైనికులు ఎదురయ్యారు. సార్ వాళ్ల కవచాలను, కత్తులను, శిరస్త్రాణం మీది ఎర్ర ఈకలను పది నిమిషాలు వర్ణించాడు. బాబాయ్ పారిపోదామన్నాడు. నేను ఆపాను. "ముందర అద్దాల్లో వెలుగేసి పెట్టింది అమ్ముడుపోని సరుకు బాబాయ్. ఇవి షోకేసు గిన్నెలు, కొట్టు" అన్నాను. రెండు దెబ్బలకు ముగ్గురూ రాలిపోయారు. రెండో ఆదివారం ఒక గుహలోకి వెళితే సార్, మూలన ఒక కుక్క పడుకుని ఉంది, అని ఆపి, మంచినీళ్లు తాగాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. బాబాయ్ కత్తి తీశాడు. అసలు సరుకు గోడౌన్లో ఉంటుంది, దాని గురించి ఎవడూ అరిచి చెప్పడు. చప్పుడు చేయకుండా వచ్చిన దారినే పోదామని పట్టుబట్టాను. ఆట అయ్యాక, ఆ కుక్క లేచి ఉంటే మీ ఇద్దరిలో ఒక్కరూ మిగిలేవారు కాదని సార్ ఒప్పుకున్నాడు.

ఆ మాటతో నా తల డైనింగ్ టేబుల్ ఫ్యాను దాకా పెరిగింది. నేను చూస్తున్నది రాక్షసుల్ని కాదు, సార్‌ని. సార్ కూడా ఒక దుకాణదారే, దాచింది ఎక్కువ, పెట్టింది తక్కువ. బాబాయ్ అయితే ప్రతి తలుపు దగ్గరా "స్టీలూ, ఇదెంతుంటది?" అని నన్నే అడగడం షురూ చేశాడు. మామ్మ ఎలా ఉందని అక్క మెసేజి పెడితే, ఒంటి మీద గీత లేదు, నువ్వు నిశ్చింతగా చదువుకో, అని జవాబిచ్చాను.

మూడో ఆదివారం నది వచ్చింది. దాటడానికి ఒక్కటే రేవు. రేవు దగ్గర రాయి మీద ఒక ముసలాయన కూర్చుని చిన్న కత్తితో పండు చెక్కు తీసుకుంటున్నాడు. సార్ ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. నీళ్లు తాగలేదు. నా సిద్ధాంతానికి ఎటూ అందలేదు. చూపుతో తేలని మనిషిని ధరతో తేల్చాలి. అందుకని అప్పలనర్సమ్మను ఆయనకు చేతికందే దూరం దాకా నడిపించి, దాటాలంటే ఏమివ్వాలని అడిగాను. నీ మెడలోని వెండి కంటె ఇవ్వమన్నాడు ముసలాయన. ఆ కంటె వల్లే అప్పలనర్సమ్మకు సగం దెబ్బలు తగలవు, అక్క దాన్ని సంపాదించడానికి ఏడాది ఆడింది. కుదరదన్నాను. సరే, విల్లు ఇవ్వు, అన్నాడు. కుదరదన్నాను. సరే, అమ్ములపొదిలో బాణాలన్నీ ఇవ్వు. కుదరదన్నాను. సరే, ఒక్క బాణం ఇవ్వు, అన్నాడు.

ఇక్కడ ఏ బుద్ధిమంతురాలైనా ఒక బాణం పారేసి నది దాటేది. నాకు మాత్రం ఒళ్లంతా పులకరించింది. అడగ్గానే దింపేవాడి గురించి నాన్న ఏం చెప్పాడు? ఇవాళ అమ్మకపోతే రేపు గడవనివాడే అలా దింపుతాడని. కంటె నుంచి బాణానికి నాలుగు మాటల్లో దిగివచ్చాడంటే వీడి పని అయిపోయింది, వీడి దగ్గర పండు చెక్కు తీసే కత్తి తప్ప ఇంకేమీ లేదు. ఇంకొక్కసారి నొక్కితే ఊరికే దాటిస్తాడు, చేతిలో పండు కూడా పెడతాడు. బాబాయ్ నా చెయ్యి పట్టుకుని, ఒక్క బాణమే కదా, ఇచ్చెయ్యమని బతిమాలాడు. నీకు తెలియదు ఊరుకో, అన్నాను. సార్ వైపు తిరిగి, అప్పలనర్సమ్మ వెనక్కి తిరిగి నాలుగడుగులు వేస్తోందని ప్రకటించాను.

సార్ పెన్సిల్ కింద పెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, ఇదే ఆఖరి మాటా?" అన్నాడు.

చూశారా? పాపం ఆయన పరీక్ష హాల్లో పిల్లల్ని హెచ్చరించినట్టు నన్ను హెచ్చరిస్తున్నాడు. రెజిమెంటల్ బజార్‌లో పుట్టిన నా చెవులకు మాత్రం అది కరిగిపోయిన దుకాణదారుడి పిలుపు. మూడో అడుగుకే పిలిచాడని లోలోపల ఉప్పొంగిపోయాను. "ఇదే ఆఖరి మాట సార్" అన్నాను, గొంతులో ఠీవి ఒలకబోస్తూ.

శత్రువుకు చేతికందే దూరంలో ఉండి వెనక్కి తిరిగితే, ఆ వీపు మీద అతనికి ఒక దెబ్బ ఉచితమట. ఆట నియమం. మొదటి ఆదివారమే చెప్పాడట, నేను కేకు తింటున్నప్పుడు. సార్ పాచికలు చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టాడు. తీసుకుంటూనే ఉన్నాడు. తన దగ్గరున్నవి చాలక బాబాయ్ పాచికలు కూడా అడిగి తీసుకున్నాడు. రెండు చేతులూ నిండిన ఆ పాచికల చప్పుడు వింటున్నప్పుడు నాన్న చెప్పిన మాటలో నేను మరిచిపోయిన రెండో సగం గుర్తొచ్చింది. "టక్కున దింపెటోళ్లు రెండు తీర్లు బిడ్డా. ఒకడు అమ్మకుంటే గడవనోడు. ఇంకొకడు అమ్మినా అమ్మకున్నా ఒక్కటే అయినోడు. గా రెండోవాడితోని పెట్టుకోకు."

డెబ్భై ఎనిమిది ఉన్న ప్రాణం సున్నా అయింది. అప్పలనర్సమ్మ ఇసుకలో బోర్లా పడింది. ఇక ప్రతి విడతా నేను పాచిక వెయ్యాలి, పదిలోపు అంకె మూడుసార్లు పడితే ఇక లేనట్టే. మొదటిసారి నాలుగు పడింది. పోయింది. రెండోసారి ఏడు. పోయింది. టేపు అంటించిన ఆ గడిలో సున్నా రాస్తుంటే నాకు కనబడింది అడవి మనిషి కాదు, జీడితోటలో చీపురు పట్టుకున్న ముసలామె. ఎలుగుబంటికి లొంగని మనిషిని నేను బేరానికి బలిపెట్టాను. అక్క ముందు ఖాళీ కవరుతో నిలబడేది లేదు. ఏమైనా సరే ఈమెను లేపాలి. నేను ముసలాయనతో మళ్లీ మాట్లాడతాను, అన్నాను.

సార్ తల అడ్డంగా ఊపాడు. ఆమెకు స్పృహ లేదు కాబట్టి నేను మాట్లాడడానికి వీల్లేదు. మాట్లాడగలిగింది బాబాయ్ ఒక్కడే.

నా జీవితంలో నేను అనుభవించిన అతి పెద్ద శిక్ష ఇదే. జీవితంలో కొత్తిమీర కట్ట కూడా బేరమాడని మనిషి నా కళ్లముందు ప్రాణానికి బేరమాడుతుంటే, నేను నోరు మూసుకుని కూర్చోవాలి. బాబాయ్ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ముసలాయనను (అంటే సార్‌ని) ఒక ప్రశ్న అడిగాడు. మూడు వారాలుగా మాలో ఎవరికీ తట్టని ప్రశ్న.

"తాతా, ఒక మాటడుగుత, ఏమనుకోకు. నీతోని కొట్లాడితే మేం గెలుస్తమా?"

"లేదు నాయనా" అన్నాడు సార్, ముసలాయన గొంతుతో. "ఈ నది నాది. ఇంకో పదిమందిని తెచ్చుకున్నా గెలవరు."

"మరి ముందుగాలనే ఎందుకు చెప్పలే?"

"ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి ధర అడిగింది, ధర చెప్పాను."

బాబాయ్ నా వైపు చూశాడు. నేను కేకు ప్లేటు వైపు చూశాను. ఒక్క బాణానికి ఎట్లొప్పుకున్నవని బాబాయ్ అడిగితే, ముసలాయనకు అసలేమీ అక్కర్లేదట, దాటేవాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టి దాటాలని ఆ రేవుకు ఒక పద్ధతట. మర్యాద దక్కితే చాలట. ఇప్పుడు మాత్రం చాలదు. ఆమెను లేపాలంటే మొదటి నుంచి అడిగినవన్నీ కావాలన్నాడు. కంటె, విల్లు, బాణాలు, అన్నీ. మా బజారు సూత్రం కూడా అదే, పోయి తిరిగొచ్చినవాడికి ధర పెరుగుతుంది. అయినా ఇందులో కనీసం విల్లు దక్కించుకోవచ్చు. ముందు బాణాలు చూపించి, కంటె దగ్గర కాస్త ఏడ్చి, విల్లు దగ్గర ఆగాలి. ఆ దారి నాకు అరచేతిలో గీతలా కనబడుతోంది. చున్నీ చెంగు కొరుక్కుంటూ, బల్ల కింద నుంచి బాబాయ్‌కి రెండు వేళ్లు చూపించాను, రెండిటికే ఒప్పించమని.

"స్పృహ లేనివాళ్లు వేళ్లు చూపించరమ్మా" అన్నాడు సార్, తలెత్తకుండానే.

"తీస్కో తాతా, అన్నీ తీస్కో" అన్నాడు బాబాయ్. అరక్షణం కూడా ఆగలేదు. అంత తొందరగా ఒప్పుకున్న గిరాకిని నేను మా దుకాణంలో కూడా చూడలేదు. ముసలాయన అప్పలనర్సమ్మ నుదుటి మీద తడిచేయి పెట్టాడు. ప్రాణం సున్నా నుంచి ఒకటైంది. ఆమె కళ్లు తెరిచిందనీ, ఇప్పుడు మాట్లాడవచ్చనీ, ఏమంటుందో చెప్పమనీ సార్ నన్ను అడిగాడు. నాకు నోరు తిరిగొచ్చింది. ఎదురుగా ముసలాయన ఉన్నాడు, ఆయన చేతిలో విల్లు ఉంది. ఒట్టు, నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. అప్పలనర్సమ్మ దండం పెడుతుందనీ, ముఖం ఆయన వైపే ఉంచి, వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ నది దాటుతుందనీ చెప్పాను. సార్ ఆ ఒక్కసారి నవ్వాడు.

సోమవారం ఆఫీసు బస్సులో ఒక మంచి కథ తయారుచేసుకున్నాను. అందులో ముసలాయనకు ముప్ఫై చేతులు, నోట్లో నిప్పు. బాబాయ్ ముందే, "నేనేం చెప్ప, నీ ఇష్టం" అని మాటిచ్చాడు. శత్రువు బలం పెంచుకుంటూ పోతే నా తప్పు దానంతటదే తగ్గిపోతుంది, పైగా ఎవరూ అట్టల వెనక్కి చూడబోరు. మధ్యాహ్నం క్యాంటీన్లో అక్క చెయ్యి చాపింది. కవరు ఇచ్చాను. కాగితం తీసి, టేపు గడిలోని ఒకటి మీద వేలు పెట్టింది.

"ఎవడే వాడు? ఎంత బలవంతుడు?"

ముప్ఫై చేతులూ నా గొంతులో సిద్ధంగా ఉన్నాయి. "ముసలాయన అక్కా" అన్నాను. "ఎంత బలవంతుడో నేను అడగలేదు. ఒక్క బాణం ఇస్తే పోనిస్తనన్నడు. నేనే నాలుగడుగులు వేసిన."

అక్కకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నాతో పాటు ఒకసారి చెప్పులు కొనడానికి వచ్చి ఉంది కాబట్టి అర్థమైంది. "ఏటే స్టీలూ, యమధర్మరాజు దగ్గర కూడా బేరవేనా?" అంది. తిట్టిందో నవ్విందో ఈ రోజుకీ నాకు తెలియదు, రెండూ ఒకే ముఖంలో కనబడ్డాయి. తర్వాత, వచ్చే ఆదివారం నన్ను కూడా రమ్మంది. మామ్మకు విల్లు లేదు కాబట్టి రాళ్లు రువ్వాలి, రాళ్లు ఏరి మోయడానికి ఒక మనిషి కావాలట. అలా ఆ ఆటలో నాకు సొంత పాత్ర వచ్చింది. ఏడాదిపాటు వాళ్ల మామ్మ వెనకాల రాళ్ల మూట మోశాను. ఒక్క రాయి కూడా లెక్క తప్పలేదు.

ఇప్పుడు మా ఆఫీసులో సామాన్లు కొనే విభాగమంతా నా కిందే ఉంది. ఎదుటి కుర్చీలో ఎవరైనా కూర్చుని అడగ్గానే ధర దించితే, నేను ఫైలు మూసి, మీ పరిస్థితి ఏమిటని నేరుగా అడుగుతాను. సగం మంది నిజం చెప్పేస్తారు. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల ఈ పద్ధతి చూస్తే, ఇదేం బేరమని నా వైపు జాలిగా చూసేది. దాని ఠీవి నాకిప్పుడు లేదు, అప్పుడప్పుడు కావాలనిపిస్తుంది కూడా. సరే, ఆ ఆదివారం బిల్లు దాచకుండా చెప్పేస్తాను. వెండి కంటె ఒకటి, విల్లు ఒకటి, బాణాలు ఇరవై నాలుగు, ప్రాణం డెబ్భై ఏడు, నా అంచనాల మీద బాబాయ్‌కి ఉన్న గౌరవం పూర్తిగా, ఏడాది రాళ్ల మోత అదనం. ఇందులో నది దాటడానికి నిజంగా అయ్యే ఖర్చు బాణం ఒకటి. మిగతాదంతా నా తెలివి.